మొదటి పేరు

ఆ రోజు మార్కండేయ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని, నేయడానికి నూలు లేక, అడ్డదారం ఆడించే నాడెను ఊరికే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్న మార్కండేయ. పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు తడుతున్న అతని భార్య ఎల్లమ్మ. వసారాలో చాప మీద పలకలు ఒళ్లో పెట్టుకున్న పుష్పమ్మ, భీమమ్మ. వాళ్లకు ఎదురుగా, గోడకు వీలైనంత దగ్గరగా జరిగి కూర్చున్న కళావతి. పుష్పమ్మ వెంట వచ్చిన మేకపిల్ల కూడా ఉంది. దాన్ని మనుషుల్లో లెక్కపెట్టడం లేదు గాని, ఆ ఇంట్లో ఆ పూట దిగులు లేకుండా ఉన్నది అదొక్కటే.

రావలసినవాళ్లు ఇంకా ఉన్నారు. గద్వాల సాలెవాడలో అక్షరాలు నేర్చుకోవాలని ముచ్చటపడ్డ ఆడపిల్లలందరూ మధ్యాహ్నం ఆ చాప మీదికే వచ్చేవాళ్లు. జోగయ్యను కచేరీ జవాన్లు తీసుకుపోయిన నాటి నుంచి చాప చాలావరకు ఖాళీగానే ఉంటోంది.

జోగయ్య ఆ వీధికి కులపెద్ద. పెళ్లి మాట అనుకోవాలన్నా, అన్నదమ్ములు మగ్గాలు పంచుకోవాలన్నా ఆయన గడపే తొక్కాలి. అటువంటి మనిషిని ఒక అర్జీ కోసం పట్టుకుపోయారు. యుద్ధం వచ్చి నూలు మీద కంట్రోలు పెట్టాక, వీధికి రావలసిన నూలు కచేరీ దాటి రావడం లేదని, మగ్గాలు ఎండిపోతున్నాయని రాసిన అర్జీ అది. అందులో మొదటి పేరు జోగయ్యది. ఆ పేరు రాసిన చేయి ఎవరిదో వీధికి తెలియదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కళావతిది అయిజ పక్కన చిన్న పల్లె. తల్లి పోయాక, కండెలు చుట్టడానికి పనికొస్తుందని మేనమామ మార్కండేయ తెచ్చుకున్నాడు. పల్లెబడిలో చెప్పినదంతా నేర్చుకొని, చెప్పనిది పంతులు పెట్టెలోని పుస్తకాలు అడిగి చదువుకున్న పిల్ల. చదువైతే వచ్చింది గాని నోరు రాలేదు. మగవాళ్లెవరైనా ఇంట్లోకి వస్తే నూలు మూటల వెనక్కి పోయి నిలబడేది. ఇప్పుడు నూలు మూటలు లేవు. దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

చాప మీద పిల్లల ముందు మాత్రం ఆమెకు మాట తడబడదు. ఆ అర్జీ కూడా ఆ చాప మీదనే పుట్టింది. ఆ మధ్య ఒకరోజు పద్యం చదువుతున్నారు. ఆకలితో ఉన్న పేదవాడొకడు రాజు కొలువుకు పోయి, ముందు రాజు గుర్రాన్ని, గొడుగును, మీసాన్ని పొగిడి, ఆ తర్వాత అన్నం అడుగుతాడు. భీమమ్మకు అది నచ్చలేదు.

"ఆకలైనోడు అన్నం అడగక మీసం సంగతి ఎందుకక్కా?"

"రాజు వినాలె కద."

"వింటడా మల్ల?"

కళావతి పలక కింద పెట్టింది. "మీసం సంగతి ఆయనకు ముందే తెలుసు. తెలిసిందే చెప్తే సంతోషపడ్తడు, గని కదలడు. తెల్వంది సూపియ్యాలె. తన కండ్లతోని సూసినట్టుండాలె. అప్పుడు కదుల్తడు."

"అట్లయితే మనం నూలు గురించి రాస్తే ఏం సూపిద్దం?" అని పుష్పమ్మ అడిగింది.

అదీ మొదలు. ఒకరు ఖాళీ కండెల బుట్ట అన్నారు. ఇంకొకరు గంజి కుండలో పట్టిన బూజు అన్నారు. కళావతి ఏమీ అనకుండా పలక మీద రాసి చూపింది: 'పొద్దున పూట మా వీధిలోకి బండి వచ్చేది కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు దారాలు చాపి, గంజి పట్టించి, కుంచెలతో తోముతూ ఉండేవాళ్లం. ఎంతటివారి బండి అయినా మలుపులో ఆగి చుట్టు తిరిగి పోవలసిందే. ఇప్పుడు బండ్లన్నీ మా వీధిలో నుంచే పోతున్నాయి.'

పిల్లలు ఆ పలకను చేతులు మార్చుకుంటూ చదివారు. కండెల కోసం వచ్చిన గోవర్ధన్ అనే కుర్రాడు, చదివి వినిపించమని అడిగి, "కాగితం మీద రాసియ్యి. నేను కచేరిల ఇచ్చొస్త" అన్నాడు.

కళావతి రాసింది. వీధిలోని ఇంటిపెద్దల పేర్లు రాస్తూ, అందరికంటే పైన జోగయ్య పేరు పెట్టింది. ఆయనను అడగలేదు. అడగాలని కూడా ఆమెకు తోచలేదు. ఆ వీధిలో పెళ్లి పిలుపు రాసినా, గుడి చందా పట్టీ రాసినా మొదట కులపెద్ద పేరు ఉండాలి. అది మర్యాద. ఆ పేరు లేకుండా మొదలైన కాగితాన్ని ఎవరూ చేత్తో ముట్టరు. కచేరీలో ఆ మర్యాద చెల్లదని, అక్కడ మొదట పేరున్నవాడే గుంపును లేపినవాడని ఆ పల్లెబడి పిల్లకు ఎవరు చెప్పాలి? జవాన్లు మిగతా పేర్ల జోలికి పోలేదు. జోగయ్యను తీసుకుపోయిన రోజునే గోవర్ధన్ పెద్దమందడిలో ఉన్న అక్క ఇంటికి పారిపోయాడు.

ఇప్పుడు పుష్పమ్మ మేకపిల్ల చెవి దువ్వుతూ, "అక్కా, ఒక మాట అడుగుత. మన సంస్థానం పెద్దదా, హైదరాబాదు సర్కారు పెద్దదా?" అన్నది.

కళావతి మగ్గం వైపు చూసింది. "మగ్గం మీద మనకు ఏం కనపడ్తది? చెయ్యి కనపడ్తది, నాడె కనపడ్తది. చెయ్యే నేస్తున్నదనుకుంటం. గని గుంతల ఉన్న కాలు తొక్కితేనే దారాలు లేస్తయి. సంస్థానం చెయ్యి. సర్కారు కాలు."

"అయితే జోగయ్య తాతను ఇడిపియ్యాల్నంటే చేతిని అడగాల్నా, కాలును అడగాల్నా?"

కళావతి చేతిలోని పలకను తుడవడం మొదలుపెట్టింది.

"గరీబోల్లకు అడుగుడెక్కడిది? ఏ కాలు దొరికితే ఆ కాలు పట్టుకునుడే" అన్నది ఎల్లమ్మ పొయ్యి దగ్గర నుంచి.

భీమమ్మ నవ్వబోయి, మార్కండేయ ముఖం చూసి ఆగిపోయింది.

"సదువు సాలు, ఇండ్లకు పోన్రి" అన్నాడు మార్కండేయ. "మగ్గం ఆగింది గని ఈ ఇంట్ల నోర్లు ఆగలే."

పిల్లలు లేవబోయేలోపే వాకిట్లో మనిషి అలికిడి అయింది. వచ్చింది అనంతమ్మ, జోగయ్య భార్య. చంకలో గుడ్డలో కట్టిన రొట్టెల మూట ఉంది. ఎల్లమ్మ గబగబా లేచి పీట వేసింది.

"కూసునే తీరిక లేదు ఎల్లమ్మా" అంటూనే అనంతమ్మ కూర్చుంది. ఎండలో నడిచి వచ్చిన ముఖం వాడిపోయి ఉంది. "ఊరికి పోయిన కచేరి అమీన్ సాబు ఈ పొద్దున ఒచ్చిండంట. రేపు రాయచూరు జైలుకు పంపుతమన్నడంట."

మార్కండేయ చేతిలో నాడె ఆగింది. "రాయచూరుకా? గా దగ్గుతోనా పెద్దమ్మా?"

"దగ్గుతోనే. దగ్గును ఈడ ఇడిసిపెట్టి పొమ్మంటరా?"

జోగయ్య దగ్గు వీధంతటికీ తెలుసు. జీవితమంతా నూలు ధూళి పీల్చిన దగ్గు అది. ఈ ఎండకాలం గడిస్తే గట్టెక్కినట్టే అని ఆ మధ్యే నాటువైద్యుడు అన్నాడు. జైలులో పడుకోబెడితే గట్టెక్కే మాట లేదని ఆ ఇంట్లో మేకపిల్లకు కూడా తెలిసినట్టే ఉంది. అది కూడా అరవడం మానింది.

అనంతమ్మ కళావతి వైపు తిరిగింది. "బిడ్డా, నీకోసమే ఒచ్చిన. నాకొక అర్జీ రాసియ్యాలె నువ్వు."

కళావతి గోడకు ఇంకా ఆనుకుంది.

"నా మొగడు ముసలోడు, ఆ కాగితం సంగతి ఆయనకేం తెల్వదు, ఇడిసిపెట్టున్రి అని రాయి. నువ్వు పిల్లలకు చెప్తవంట గద, ఎట్ల రాస్తే పెద్దోల్ల మనసు కరుగుతదో. జర నాక్కూడ చెప్పు. ఎట్ల మొదలువెట్టాలె? అమీన్ సాబును పొగడాల్నా? నాకు పొగుడుడు రాదు బిడ్డా. ఆయన మీసం కూడ మంచిగుండదు."

పుష్పమ్మ, భీమమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవలకు రాయాలె? అమీన్ సాబుకా, ఆయన మీదోల్లకా? మీద ఎవలున్నరు? నాకేం తెల్వదు. గని ఒక్కటి మాత్రం చెప్త. ఆ మొదటి అర్జీ రాసినోని తీరు రాయకు. వాని చెయ్యి వడిపోను! ముసలోన్ని తీస్కపోయి ముందర నిలవెట్టి, తను యెనక దాసుకున్నడు."

కళావతి తన కుడిచేతిని చీర మడతలోకి లాక్కున్నది.

మార్కండేయ గుంతలోంచి గబుక్కున లేచాడు. "పెద్దమ్మా, ఆ పిల్లకు అర్జీలు రావు. ఏదో అ ఆలు చెప్తది. అర్జీలంటే మున్షీలు రాయాలె. నేను పొయ్యి ఒక మున్షీని అడుగుత."

"రావా? బీచుపల్లికి పోయినప్పుడు నువ్వే గద అన్నవ్, మా కోడలు రాస్తే రాయి కూడ కరుగుతదని?"

"గది... ఊకె అన్న."

"ఊకె అన్నవా, పరేషాన్ల ఉన్నదానికి పని చెయ్యలేక గిట్లంటున్నవా? ఆ పిల్లకు వేరే పనుంటే చెప్పు. నేనేం ఏడ్వను."

"అవ్వా" అన్నది కళావతి.

ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే అనంతమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏమంటున్నది? గట్టిగ చెప్పమను ఎల్లమ్మా."

ఎల్లమ్మ తల ఎత్తలేదు. మార్కండేయ కళ్లతోనే వద్దు వద్దు అంటున్నాడు. కళావతి అతన్ని చూడకుండా నేలను చూసింది.

"మొదటిది కూడ నేనే రాసిన అవ్వా."

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. దాన్ని ఎవరూ తిప్పలేదు. అనంతమ్మ ఆ పిల్లను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వా?"

"నేనే."

"ఆయన పేరు ఎందుకు వెట్టినవ్ మొదలు?"

"పెద్దాయన కద అని. ముందర ఆయన పేరు లేకుంటే తప్పు కద అని."

"తప్పు" అన్నది అనంతమ్మ. నవ్వింది. "పెండ్లి చీటి అనుకున్నవా బిడ్డా?" నవ్వు సగానికి రాకముందే ఏడుపైంది. కొంగుతో ముఖం తుడుచుకొని, "నీదేం లేదు. ఆయన పేరు వెట్టకుంటే నేనే ఒచ్చి కొట్లాడుతుంటి, మా ఆయన పేరు యాడ పాయె అని" అన్నది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని కళావతికి అనిపించింది. చెయ్యి పడిపోను అన్న మాటనే మళ్లీ అని ఉంటే ఇంకా బాగుండేది. తప్పు చేసినవాళ్లకు తిట్టు కూడా ఒక ఆసరా. అది కూడా ఆమె ఇవ్వలేదు.

"నడువు" అని అనంతమ్మ లేచింది. "అమీన్ సాబు ముందర గీ మాటనే చెప్పు. ఆయనకు తెల్వదని, నేనే వెట్టిన్నని చెప్పు. సిన్నపిల్లవు. నిన్నేం జేస్తరు? కసురుతరు, పంపుతరు."

"పెద్దమ్మా! ఆడపిల్ల కచేరి మెట్లెక్కుతదా? రేపు ఎవలు జేసుకుంటరు ఆమెను? సచ్చిపోయిన మా అక్కకు నేనేం జవాబు చెప్పాలె?"

"నేను ఎక్కుతలేనా మెట్లు? నేను ఆడదాన్ని కానా?"

"నువ్వు ముసలిదానివి."

"నేనేం పుట్టంగనే ముసలిదాన్నా? నాకు సుత ఎవలో ఒకలు పరువు ఇచ్చే పంపిన్రు ఈ ఊరికి."

కళావతి పలకను పుష్పమ్మ ఒళ్లో పెట్టి లేచి నిలబడింది. ఎన్నడూ మామను అడగకుండా గడప దాటని పిల్ల. ఇప్పుడు కూడా అడిగినట్టే చెప్పింది గాని, జవాబు కోసం నిలబడలేదు. "మామా, పోయొస్త."

మార్కండేయ అరుస్తాడని ఎల్లమ్మ అనుకున్నది. అతను అరవలేదు. మళ్లీ గుంతలోకి దిగి కూర్చున్నాడు. తల వంచుకొని, "నేను రాలేను కళా" అన్నాడు. "నాకు ఆ కచేరంటే భయమైతది."

వీధిలో అనంతమ్మ ముందు, కళావతి వెనక. పల్లీల బస్తాలు వేసుకున్న బండి ఒకటి వాళ్లను దాటి నేరుగా పోయింది. అరుగుల మీద ఊరికే కూర్చున్న మగవాళ్లు ఈ ఇద్దరినీ చూసి ఏదో అడగబోయి మానుకున్నారు. కోట గోడ పక్కకు వచ్చాక అనంతమ్మ ఆగి వెనక్కి తిరిగింది. ఏమంటుందో అని కళావతి భయపడింది. ఆమె ఏమీ అనకుండా కళావతి కొంగు లాగి తల మీద కప్పి, మళ్లీ ముందు నడిచింది.

కచేరీ వెనక పాత ధాన్యం కొట్టు ఉంది. దానికి రెండు రెక్కల చెక్క తలుపు. పట్టుకొచ్చిన మనుషులను అందులోనే కూర్చోబెడతారు. పగటిపూట ఉక్కపోతకు తలుపు తెరిచి, బయట జవానును కాపలా పెడతారు. ఆ పూట కాపలా యోసేపుది. అనంతమ్మను చూసి స్టూలు మీద నుంచి లేచాడు.

"మల్ల రొట్టెలేనా అవ్వా? నీ మొగడు ముట్టుకుంటలేడు. నాకే ఒళ్లొస్తున్నది."

"నువ్వన్న తిను నాయినా. అమీన్ సాబు ఉన్నడా?"

"బువ్వ తినెతందుకు పోయిండు. వొచ్చే యాల్లయింది. మాట్లాడేదుంటే జల్ది మాట్లాడుకోన్రి."

జోగయ్య గడప లోపల, వెలుతురు పడే చోట కూర్చుని ఉన్నాడు. కొద్ది రోజుల్లోనే ఆయన భుజాలు లోపలికి కుంగిపోయాయి. కళావతిని చూసి, "అయిజ పిల్లవు గద? రా బిడ్డా" అన్నాడు, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు.

"గీ పిల్లనంట రాసింది" అన్నది అనంతమ్మ.

"తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"అమీన్ సాబు కాగితాలు సూసే పేష్కారు సదివి ఇనిపిచ్చిండు. బండి మాట రాంగనే తెలిసింది. మనం ఈడ పుట్టి పెరిగినోల్లం, బండి ఆగుడు మనకొక వింతనా? ఈ పిల్ల మొదటిసారి ఊర్లకు ఒచ్చిన నాడు మూట పట్టుకొని బండి దిగి, పడుగు ముందర నిలవడి సూస్తుండె. నేనే పడుగు ఎత్తి పట్టిన, కిందికెల్లి రా అని. ఈమె తప్ప ఆ మాట ఎవలు రాస్తరు?"

కళావతికి ఆ పొద్దు జ్ఞాపకం వచ్చింది. తల వంచి దారాల కింద నుంచి పోతుంటే నెత్తి మీద గంజి చుక్క ఒకటి పడింది. ఆ పడుగు పట్టుకున్నది ఎవరో ఆనాడు ఆమెకు తెలియదు.

"తాతా, అమీన్ సాబుకు నేను చెప్త" అన్నది. "నీకు తెల్వదని చెప్త. అప్పుడు నిన్ను ఇడుస్తరు."

"ఇడుస్తమనే అన్నరు బిడ్డా. పేష్కారు అడిగిండు. జోగయ్యా, గీ మాటలు నీయేనా? కావంటే ఇప్పుడే ఇంటికి పో, రాసినోన్ని మేం దొరకవట్టుకుంటం అన్నడు."

"మల్ల?" అన్నది అనంతమ్మ.

"నాయే అన్న."

అనంతమ్మ చేతిలోని మూట గడప మీద జారింది. "అన్నవా? ఇంటికి పో అంటె కూడ అన్నవా? నీకేమన్న పిచ్చి లేసిందా? ఇంట్ల నేనొక్కదాన్ని గోడలు సూసుకుంట కూసున్న, తెలుసా నీకు?"

జోగయ్య దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా యోసేపు కూడా అటు తిరిగి నిలబడ్డాడు.

"ఈ పిల్లను పట్టుకుంటరని అన్నవా?" అని అనంతమ్మ మెల్లగా అడిగింది.

"గదొకటి. గదొక్కటే అంటె అబద్ధమైతది." ఆయన కళావతి వైపు చూశాడు. "నన్ను అడిగుంటే నేను వద్దంటుంటి బిడ్డా. ఆ కాగితం చింపేస్తుంటి. ఎన్నేండ్ల సంది ఒస్తున్న ఈ కచేరికి. చెప్పులు బయట ఇడిసి, దండం వెట్టి, ఇచ్చింది కండ్లకద్దుకొని పోయిన. ఇయ్యకున్నా దండం వెట్టే పోయిన. వీధోల్లు నన్ను పెద్ద పెద్ద అంటరు. పెద్ద నోట్లకెల్లి ఈడ ఒక్క మాట రాలే. పేష్కారు ఆ కాగితం సదువుతుంటె, నా వీధిని ఎవలో నాకే సూపిస్తున్నట్టుండె. కావు అని నాలుక కొనదాక ఒచ్చింది. అప్పుడనిపిచ్చింది, ఈ మాటలు నాయైతే ఎంత బాగుండు అని. నాయే అన్న."

కళావతి అమీన్ సాబు మనసు కరిగించడానికి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. కరిగించవలసిన మనిషి ఈయన అని తెలియదు.

"నా మాటలు నాకియ్యి తాతా" అన్నది చివరికి. "నాయి నేను మోసుకుంట."

"ఇచ్చినవి మల్ల అడుగుతరా?" అని జోగయ్య నవ్వాడు. "ఒక్కటే కష్టమొచ్చింది. పేష్కారు సగంలనే ఆపిండు. మిగిలింది అమీన్ సాబే అడుగుతడంట, రాయచూరుకు పంపే ముందర. చివర ఏమున్నదో నాకు తెల్వదు. నేనే రాయించిన అన్నోన్ని, తెల్వదంటె ఎట్లుంటది? నువ్వు అందరికి చెప్తవంట గద. నాకు చెప్పు బిడ్డా. చివర ఏమున్నది?"

చాప మీద కూర్చున్న పిల్లల్లో ఎవరు ఏమి అడిగినా కళావతి జవాబు చెప్పకుండా పంపలేదు. ఈ ముసలి మనిషి కూడా అట్లాగే, పలక పట్టుకున్న పిల్లలాగే అడుగుతున్నాడు. చెప్పకపోతే అబద్ధమాడినవాడిగా అమీన్ ముందు నిలబడతాడు. చెబితే... ఆమెకు ఒక ఆశ పుట్టింది. చెబితే భయపడతాడు. తెల్వంది సూపియ్యాలె, అప్పుడు కదుల్తడు. తాను చెప్పిన పాఠమే అది.

"భీమమ్మ చేర్పించిన మాట తాతా. ఊకె ఏడ్చినట్టుంటే ఎట్ల, మనం ఏం జేస్తమో గూడ ఉండాలె అన్నది. నవ్వులాటకు అన్నది. నేను రాసిన." ఆమె ఊపిరి తీసుకొని, కాగితం మీద ఎట్లా ఉందో అట్లాగే చెప్పింది. "'నూలు రాకపోతే మా మగ్గాల గుంజలు పీకి తెచ్చి కచేరీ వాకిట్లో కుప్ప పోస్తాం. వాటిని ఏం చేయాలో అప్పుడు మీరే చెప్పండి.'"

యోసేపు మెడ మీద చెయ్యి వేసుకొని, "యేసయ్యా!" అన్నాడు.

"దాని కోసమే వాల్లకు కోపం తాతా" అని కళావతి తొందరగా అందుకున్నది. జీవితంలో ఎన్నడూ మగవాళ్ల ముందు అన్ని మాటలు మాట్లాడలేదు. "అది బెదిరిచ్చుడు అంటరు. రాయచూరుల నిన్ను ఆ మాట కోసమే కూసోవెడ్తరు. అది నీది కాదు. పిల్లల ఆట అది. కాదని చెప్పు. దండం వెడ్త తాతా, కాదని చెప్పు."

జోగయ్య పెదవులు కదిలాయి. ఆ మాటను ఆయన లోపల మళ్లీ చెప్పుకుంటున్నాడు. గుంజలు పీకి తెచ్చి. వాకిట్లో కుప్ప పోస్తాం. దగ్గు రాబోతే చేత్తో ఛాతీ అదిమిపట్టి ఆపుకున్నాడు, మధ్యలో తెగిపోతుందేమో అన్నట్టు. కుంగిన భుజాలు కొంచెం పైకి లేచాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గంత మాట అన్ననా నేను!" అన్నాడు.

ఆయన కదిలాడు. కళావతి అనుకున్న వైపు కాదు.

"ఏందయ్యా గా సంబరం?" అనంతమ్మ అరిచింది. "ఏం సంబరమయ్యా? సస్తవయ్యా ఆడ!"

ఆయన భార్య ముఖం చూడలేకపోయాడు. గడప మీద పడిన రొట్టెల మూటను మాత్రం దగ్గరికి తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాడు.

కచేరీ ముందు టాంగా ఆగిన చప్పుడైంది. యోసేపు స్టూలు జరిపి, టోపీ సర్దుకొని నిటారుగా నిలబడ్డాడు. బూట్ల చప్పుడు వరండా మీదుగా ఇటే వస్తోంది. అనంతమ్మ కళావతి వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. "చెప్పు బిడ్డా. ఇప్పుడే చెప్పు. ఆయన మాట ఇనకు."

అమీన్ సాబు మూల తిరిగి వచ్చాడు. వక్క నములుతున్నవాడు నమలడం ఆపి, తల మీద కొంగు కప్పుకున్న పిల్లను పైనుంచి కిందికి చూశాడు.

"యోసేప్! ఈ పిల్ల ఎవరు?"

యోసేపు నోరు తెరిచి జోగయ్య వైపు చూశాడు. కళావతి కొంగు వెనక్కి తోసింది. గొంతులో మాట ఉంది, నాలుక మీదికి వచ్చింది.

"నేను, దొరా..."

"నాకు తెల్వదు దొరా" అన్నాడు జోగయ్య, ఆమె మాట మీద నుంచి, వీధికంతా వినపడేంత గట్టిగా. గోడ పట్టుకొని లేచి నిలబడ్డాడు. "ఎవలో పిల్ల. మా ముసలిదానికి తోడు ఒచ్చినట్టుంది. అర్జీ సంగతి నన్ను అడుగున్రి. మొదటి నుంచి చివర దాక నేనే చెప్త."

కళావతి ఒక్క అడుగు గడప వైపు వేసింది. జోగయ్య ఆమెను చూడలేదు. రెండు చేతులతో రెండు రెక్కలూ పట్టుకొని, లోపలి నుంచి తలుపు మూసేశాడు.